నాలుగు రోజుల బూడిద

కెనడాలో, టొరాంటో పక్కన స్కార్‌బరోలో ఒక చర్చి వెనక హాలు. జ్ఞాపకార్థ కూడిక ముగిసింది. అందరూ కాగితం ప్లేట్లలో సమోసా, కేకు పెట్టుకుని నిలబడి, పోయినావిడ గురించి ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్పుకుంటున్నారు. మెడకి మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన అన్నాడు:

"ఎంత జాగ్రత్త మనిషండీ! అన్నేళ్లు కట్టెల ఫర్నేస్‌తో ఇల్లు నడిపింది, ఒక్క పొరపాటు లేదు. చివర్లో చూడండి, వేడి బూడిద పట్టుకెళ్లి ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసింది. ఏజ్ అండీ, ఏం చేస్తాం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎగతాళిగా కాదు, ప్రేమగానే. నేనూ నవ్వాను.

ఐస్‌క్రీమ్ డబ్బాలో బూడిద పోసింది ఆవిడ కాదు, నేను. ఆ హాల్లో అంతమందిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసే ముఖం నాకు లేదు. మేం ఎలాగూ ఆంటీ అనే పిలిచేవాళ్లం. బాపట్ల దగ్గర్నించి నర్సుగా ఈ దేశానికి వచ్చి, గ్వెల్ఫ్‌లో ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాక, ఊరి చివర బస్సు ఆగిపోయే చోటు నుంచి పావుగంట నడిస్తే వచ్చే పాత ఇటుక ఇంట్లో ఉండేది. నేను చదువుకి వచ్చిన ఏడాది కాలేజీలన్నీ మన పిల్లలతో నిండిపోయాయి. గదులు దొరకడం గగనం. ఒక హాల్లో పరుపులు పరుచుకుని ఏడుగురం మూడు వారాలు పడుకున్నాం. ఎవరో చెప్తే ఆంటీ ఇంటికి వెళ్లాను. చదువేంటి, ఊరేంటి అని అడుగుతుందనుకుని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ అవేమీ అడగలేదు.

"సిగరెట్టు తాగుతావా?"

"లేదండీ."

"దీపం పెడతావా?"

ఆవిడ మెడలో సిలువ ఉంది. తడబడ్డాను. "శుక్రవారం మాత్రమే ఆంటీ. వద్దంటే మానేస్తాను."

"ఎందుకమ్మా మానడం? పెట్టుకో. వంటింట్లో సింకు పక్కన పెట్టుకో. వెలిగినంతసేపూ దాని ఎదురుగా ఉండు. నువ్వు లేచావంటే అది ఆరిపోవాలి. మీ దేవుడితో నాకేం పేచీ లేదు, వత్తితోనే."

మూడో ప్రశ్న, అలారం మోగితే మెలకువ వస్తుందా అని. వస్తుందన్నాను. గది దొరికింది. అప్పటికే ఆ ఇంట్లో స్వప్న అని కరీంనగర్ అమ్మాయి ఉంది. నాతో కలిపి ఇద్దరం. ఇంకెవర్నీ పెట్టుకోదట. అంత పెద్ద ఇంట్లో పదిమందిని సర్దొచ్చని ఎవరెవరో వచ్చి చెప్పారట కూడా. "నిప్పున్న ఇల్లమ్మా ఇది. అలారం మోగితే బయటికొచ్చి నిలబడ్డవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకోగలగాలి," అంది.

ఆ నిప్పు కింద నేలమాళిగలో ఉండేది. గోడకి ఎడంగా, మనిషంత ఎత్తు ఇనప పెట్టె. లోపల కట్టెలు మండుతుంటే ఆ వేడి గాలిని ఒక ఫ్యాన్ గొట్టాల్లోంచి ఇంట్లోని గదులన్నిటికీ తోసేది. పెట్టె చుట్టూ మూడడుగుల దూరంలో నేల మీద ఎర్ర పెయింటుతో గీత గీసి ఉండేది. ఆ గీత లోపల కట్టె ముక్క గానీ, కాగితం గానీ, ఆరేసిన బట్ట గానీ కనిపించకూడదు. ఒకసారి స్వప్న తడిసిన స్వెట్టర్ తెచ్చి గీత లోపల కుర్చీ మీద వేసింది. ఆంటీ ఆ స్వెట్టర్‌ని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పైకి తెచ్చి, "ఇది ఎవరిది తల్లీ?" అని అడిగింది. అంతకు మించి ఏమీ అనలేదు, స్వప్న మళ్లీ ఆ పని చేయలేదు.

ఆవిడ దృష్టిలో ఆ ఫర్నేస్ ఒక పేషెంటు. పొద్దున దిగగానే పొగగొట్టానికి అంటించి ఉన్న థర్మామీటర్ చూసి, "ఏం, ఇవాళ చల్లబడ్డావే?" అనేది. గోడ మేకుకి ఒక క్లిప్‌బోర్డు వేలాడుతూ ఉండేది, ఆస్పత్రిలో మంచానికి కట్టినట్టే. టైము, వేడి, ఎన్ని కట్టెలు, బూడిద తీశామా లేదా, చివర సంతకం. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు.

"చార్టులో రాయని పని చేయనట్టేనమ్మా. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఇదే చెప్పేదాన్ని కొత్తపిల్లలకి."

ఫర్నేస్ తలుపు తీయడానికి ఆవిడ పద్ధతి ఒకటుంది. ముందు గాలి వచ్చే డ్యాంపర్ పూర్తిగా తెరిచేది. తర్వాత తలుపు గడియ తీసి, వేలెడంత సందు మాత్రం చేసి, కళ్లు మూసుకుని ప్రభువు ప్రార్థన మొదట్నించి చివరిదాకా చెప్పుకునేది. ఆమెన్ అన్నాకే తలుపు పూర్తిగా తెరిచేది. మొదటిసారి చూసినప్పుడు ఇదంతా భక్తి అనుకున్నాను. కాదట, గడియారమట. గబుక్కున తెరిస్తే పొగ, మంట మొహం మీదికి వస్తాయి. ఆ ప్రార్థన అంతసేపు ఆగితే పొగ పైకి దారి చూసుకుంటుంది.

"నీకొచ్చింది ఏదో ఒకటి చదువుకో," అంది నా వంతు వచ్చినప్పుడు.

ఆ వేడి ముందు నాకు ఒక్క శ్లోకం గుర్తు రాలేదు. పదమూడో ఎక్కం చదివాను. ఆవిడ చెవి ఒగ్గి విని, "అదీ మంచిదే. తప్పు పోతే మాత్రం మళ్లీ మొదట్నించి చదవాలి," అంది. ఇప్పటికీ పదమూడో ఎక్కం అంటే నాకు పొగ వాసన వస్తుంది.

కట్టెల విషయంలో ఆవిడని మోసం చేయడం ఎవరి తరమూ కాదు. వసంతంలో కట్టెల లారీ వస్తే, ఆ కట్టె వచ్చే ఏడాది చలికి గానీ పొయ్యిలోకి వెళ్లేది కాదు. రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టేది. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే ఇంకా నీళ్లున్నట్టు. ఒక చలి రోజున స్వప్న, "ఆంటీ, నిండా కట్టెలు కుక్కి డ్యాంపర్ మూసేస్తే పొద్దుగాల దాంక ఉంటది గద, మళ్ల మళ్ల ఎందుకు దిగుడు?" అంది. ఆంటీ గయ్యిమంటుందనుకున్నాను. ఓపిగ్గా చెప్పింది. "ఊపిరాడకుండా చేస్తే అది మండదు తల్లీ, మగ్గుతుంది. మగ్గితే చిమ్నీ లోపల తారు పడుతుంది. ఆ తారు ఏదో ఒక రోజు అంటుకుంటుంది. అప్పుడు చిమ్నీలోంచి రైలు వెళ్తున్నట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు నేనొకసారి విన్నాను, రెండోసారి వినను."

ఏడాదికొకసారి చిమ్నీ తుడిచే అతను వస్తే, అతనికి కాఫీ ఇచ్చి, పేపరు పరిచి, గీకిన మసి అంతా దాని మీద పోయించుకునేది. నల్లగా నిగనిగలాడే పెంకులుంటే తప్పు, గోధుమరంగు పొడి ఉంటే ఒప్పు. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి మాకు చూపించేది. "చూడండే, పొడి పొడిగా ఎలా ఉందో!" బంగారు గాజులు చూపించే ఆడవాళ్లని చూశాను గానీ, మసి చూపించి మురిసే మనిషిని ఆవిడనే చూశాను.

నెల తిరిగేసరికి నాకు కట్టెలు వేయడం అప్పగించింది. చార్టులో నా పొడి అక్షరాలు పడ్డ రోజు అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఒకరోజు కట్టెలు వేసి రాయడం మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చి రెండు గీతల మధ్య చిన్న అక్షరాలతో ఇరికించాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసి చూసింది.

"ఇలా ఇరికించకూడదమ్మా. కింద ఖాళీ గీత మీద 'లేట్ ఎంట్రీ' అని రాయి. ఇవాళ్టి తేదీ వెయ్యి, జరిగింది రాయి, సంతకం పెట్టు. లేటుగా రాస్తే ఎవరూ ఉరి తీయరు."

నాకు అప్పగించని పని ఒకటే, బూడిద. అది ఆవిడదే. చేతులకి తోలు గ్లౌజులు తొడుక్కుని, చిన్న పారతో తీసి, ఇనప బక్కెట్‌లో పోసి, గట్టిగా మూత బిగించి, పెరట్లో గ్యారేజీ అవతల ఉన్న సిమెంటు పలక మీద పెట్టి వచ్చేది. ఇంటికి దానికి మధ్య ఇరవై రెండు అడుగులు, లెక్కపెట్టి మరీ నడిచేది. నాలుగు రోజులు ఆ మూత ఎవరూ ముట్టకూడదు. మేం నవ్వితే, కాలిన ఒళ్లకి కట్లు కట్టిన చేతులు చూపించి చెప్పేది. "మంట కనపడుతుంది, పక్కకి జరుగుతాం. బూడిద చల్లగా కనపడుతుంది. లోపల నిప్పు కణిక ఉంటుంది. నేను చూసిన కేసుల్లో సగం, 'చల్లారింది అనుకున్నా' అన్నవాళ్లవే."

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాకు తెలియక జరిగిందని ఎవరూ అనుకోకూడదని. నాకు అంతా తెలుసు.

ఆ శనివారం పొద్దున ఆంటీ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్లింది. నేను ఆవిడ మందపాటి గిన్నెలో పప్పు పెట్టి, ఫోన్లో క్లాసు పిల్లలతో ప్రాజెక్టు గురించి వాదిస్తూ కూర్చున్నాను. పప్పు అడుగంటి, నల్లగా మాడి, గిన్నెకి అతుక్కుపోయింది. ఆ గిన్నె ఆవిడ బాపట్ల నుంచి తెచ్చుకున్నది. పీచుతో తోమాను, సబ్బుతో నానబెట్టాను, రాలేదు. ఆవిడ వచ్చేలోపల అది శుభ్రం కావాలి, ఆ క్షణంలో నాకు అంతకన్నా పెద్ద సంగతి లేదు. అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. దొడ్లో కూర్చుని, కొబ్బరి పీచుతో, పొయ్యిలోంచి తీసిన బూడిదతో తోమితే ఎంత మాడిన గిన్నె అయినా తెల్లబడేది.

బూడిద పెరట్లో బక్కెట్ నిండా ఉంది. శుక్రవారం తీసినట్టు చార్టులో ఉంది, నేను చదివాను కూడా. నాయనమ్మ అప్పటికప్పుడు తీసిన బూడిదతోనే తోమేది కదా, ఏమైంది, అనుకున్నాను. నాయనమ్మది మట్టినేల అని, చుట్టూ చెక్క అన్నది లేదని అప్పుడు తోచలేదు. మంచులో నడిచి వెళ్లి మూత తీశాను. పైన బొగ్గు ముక్కలు చల్లగా ఉన్నాయి. మెత్తటి బూడిద కోసం గరిటె లోపలికి దించాను. గోరువెచ్చగా తగిలింది. ఆ చలిలో అది హాయిగా కూడా అనిపించింది. ఒక ప్లాస్టిక్ ఐస్‌క్రీమ్ డబ్బా నింపుకుని, మూత ఎలా ఉందో అలాగే బిగించి వచ్చాను.

గిన్నె వెండిలా వచ్చింది. సగానికి పైగా బూడిద మిగిలింది. మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుందని, డబ్బాని వంటింటి వెనక గోడని ఆనుకుని అరుగులా ఉన్న చెక్క డెక్ మీద, అట్టపెట్టెలు పేర్చిన మూల పెట్టాను.

సాయంత్రం ఆంటీ గిన్నె తిప్పి చూసింది. "ఏం పెట్టి తోమావే అమ్మాయ్? కొత్తదానిలా ఉంది!"

"నిమ్మచెక్క, ఉప్పు ఆంటీ."

"ఓహో! నాకు తెలీదే ఇది."

మొదటి అబద్ధం అదే. అంత చిన్న అబద్ధానికి ఆవిడ అంత సంతోషించింది.

మర్నాడు ఆదివారం. నాకు పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో గిడ్డంగిలో పొద్దుటి షిఫ్టు. ఆంటీ చర్చికి వెళ్లింది. స్వప్న పైన నిద్రపోతోంది. గాలి బాగా వీచిన రోజు. మధ్యాహ్నం మూడింటికి తోటి పిల్లల కారులో వచ్చి రోడ్డు మలుపు దిగేసరికి, ఇంటి ముందు ఎర్రటి ఫైరింజన్లు ఉన్నాయి. డెక్ మొత్తం బొగ్గయింది. వంటింటి వెనక గోడ నల్లబడింది, కిటికీ అద్దాలు పగిలి కింద పడ్డాయి. లోపలికి పాకకముందే ఆపేశారు. స్వప్న పొరుగింటివాళ్ల దుప్పటి కప్పుకుని, వాళ్ల మెట్ల మీద కూర్చుని వణుకుతోంది. అలారానికి లేచి, ఉత్త కాళ్లతో మంచులోకి పరిగెత్తింది. ఒక పూట ముందు ఆ పిల్ల పోపు పొగకి మోగుతోందని ఆ అలారానికి ప్లాస్టిక్ కవరు తొడగబోతే, ఆంటీ ఆపింది. ఆపకపోయి ఉంటే ఏం జరిగేదో నేను ఆలోచించలేను.

ఆంటీ చర్చికి కట్టుకున్న పట్టుచీర మీద కోటు, కాళ్లకి మంచుబూట్లతో పెరట్లో నిలబడి ఉంది. నన్ను చూడగానే వచ్చి మణికట్టు పట్టుకుంది. పల్స్ చూసినట్టు అలాగే పట్టుకుని, స్వప్న వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, "ఇద్దరూ ఉన్నారు," అంది. ఇంకో రెండుసార్లు అంది.

ఫైర్ ఆఫీసర్ కరిగి ముద్దయిన ప్లాస్టిక్ ముక్కని చూపించి ఇంగ్లీషులో అడిగాడు, బూడిద ఎవరు తీస్తారు అని.

"నేనే. నేను తప్ప ఎవరూ తీయరు," అంది ఆంటీ.

ఆయన మంచివాడు. పెద్దావిడని నొప్పించకుండా, వేడి బూడిదని ఇనప బక్కెట్‌లోనే పోయాలనీ, మూత పెట్టాలనీ, ఇంటికి దూరంగా ఉంచాలనీ, ఒక్కొక్కటే నిదానంగా చెప్పాడు. ఆవిడ తలూపుతూ, "యెస్ ఆఫీసర్, యెస్," అంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు.

సాయంత్రం, వంటింటి కిటికీకి అట్ట కొట్టించాక, మా ఇద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చార్టు కిందనించి తెచ్చి ముందు పెట్టుకుంది.

"నేను శుక్రవారం బక్కెట్‌లో పోశాను. మూత పెట్టాను. రాశాను కూడా, ఇదిగో. డబ్బా సంగతి నాకు అస్సలు గుర్తు లేదు. మీలో ఎవరైనా బూడిద ముట్టుకున్నారా అమ్మా? నేను ఏమీ అనను."

"లే ఆంటీ, నేనైతే బక్కెట్ దిక్కే పోలే," అంది స్వప్న.

ఆవిడ నా వైపు తిరిగింది. నాకు మూడు సంగతులు ఒకేసారి తోచాయి. రిపోర్టులో పేరు పడితే స్టడీ పర్మిట్ పోతుందని, రేపు ఈ దేశంలోనే ఉండిపోవడానికి కావాల్సిన పీఆర్ రాదని, ఈ గది పోతే మళ్లీ ఆ హాల్లో పరుపు మీదికేనని. మొదటి రెండూ ఎవరు చెప్పారో, నిజమో కాదో కూడా నాకు తెలియదు. ఏమీ అననని ఆవిడ అంటూనే ఉంది, ఆవిడ అన్న మాట తప్పదని నాకు తెలుసు. అయినా చార్టు వైపు చూస్తూ చెప్పాను.

"లేదాంటీ."

మా మొహాల్లో అబద్ధం కోసం వెతకనైనా వెతకలేదు.

"అయితే నేనే," అంది.

తన చేతిరాతని, తన సంతకాన్ని పక్కన పెట్టి, నా మాట నమ్మింది. అక్కడితో ఆవిడ అయిపోయిందని నాకు అప్పుడు అర్థం కాలేదు. పైగా, గండం గడిచిందని అనిపించింది.

ఆ తర్వాత నెలలో ఆవిడ ఫర్నేస్ దగ్గరికి ఒంటరిగా దిగలేదు. నన్ను రమ్మని పిలిచేది. "మూత పెట్టానా? నువ్వు చూశావా?" అని అడిగేది. "పెట్టారాంటీ, నేను చూశాను," అనేదాన్ని. నా సాక్ష్యం మీద ఆవిడ నిద్రపోయేది. స్కార్‌బరో నుంచి కూతురు వచ్చింది. కట్టెల ఫర్నేస్ ఉన్నంతకాలం ఇంటికి ఇన్సూరెన్స్ ఇచ్చేది లేదని కంపెనీవాళ్లు అన్నారట. ఇంతకుముందైతే ఆంటీ ఆ కంపెనీవాడిని కూర్చోబెట్టి చార్టులన్నీ చూపించి పోట్లాడి ఉండేది. ఈసారి, "వాళ్లు చెప్పింది నిజమేగా," అంది. వేసవికి ఇల్లు అమ్మేశారు. ఆవిడ కూతురి ఇంటి దగ్గర ఒక అపార్టుమెంటు టవర్‌లోకి మారింది. స్వప్న, నేను చెరో దిక్కుకి పోయాం.

ఒకసారి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. రెండు బస్సులు, ఒక సబ్‌వే మారి వెళ్తూ దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. పద్నాలుగో అంతస్తు. తలుపు తీసి, నన్ను చూసి మొహం విప్పారింది. లోపల అన్నిచోట్లా చీటీలు. తలుపు మీద 'తాళం', కుళాయి మీద 'కట్టావా', ఇస్త్రీపెట్టె మీద 'ప్లగ్'. టీ మైక్రోవేవ్‌లో పెట్టి ఇచ్చింది. స్టవ్‌కి తిప్పే పిడులు లేవు. నేను చూడటం చూసింది.

"నేనే తీసి మా అమ్మాయికిచ్చేశానులే. మొన్న పప్పు మాడింది. గిన్నె నువ్వు చెప్పినట్టే నిమ్మచెక్క, ఉప్పు పెట్టి తోమాను. నీకొచ్చినట్టు రాలేదమ్మా. నాకు ఏ పనీ సరిగ్గా చేతకావట్లేదు."

అంతకన్నా మంచి అదను ఎవరికీ దొరకదు. దేవుడే తెచ్చి చేతిలో పెట్టినట్టు దొరికింది. నేను టీ తాగాను. అప్పటికి నా పీఆర్ అప్లికేషన్ వేసి ఉంది, అది వచ్చాక చెప్దామనుకున్నాను. వచ్చింది. ఉద్యోగం కుదిరాక అనుకున్నాను. కుదిరింది. లిఫ్టు దాకా వచ్చి ఆవిడ అడిగిన చివరి మాట, "ఇప్పుడున్న ఇంట్లో అలారం పనిచేస్తోందా? నొక్కి చూశావా?"

నొక్కి చూడలేదు. చూశానని చెప్పాను.

పోయిన నెల ఆంటీ కూతురు ఫోన్ చేసింది. నిద్రలో పోయిందట, బాధ పడలేదట.

కూడిక రోజు, ఆ పెద్దాయన మాటకి నవ్విన కాసేపటికి, ఆంటీ కూతురు నన్ను పక్కనున్న చిన్న గదిలోకి పిలిచింది. ఇక్కడే పెరిగిన మనిషి, తెలుగు ఆగి ఆగి మాట్లాడుతుంది. ఒక సంచీలోంచి ఆ క్లిప్‌బోర్డు తీసింది.

"మామ్ దీన్ని మీకు ఇమ్మంది. ఫర్నేస్ నీట్‌గా నేర్చుకుంది మీరొక్కరే అనేది. షీ వాజ్ సో ప్రౌడ్ ఆఫ్ యూ."

మంటలు వచ్చిన వారం కాగితం తీసి అన్నిటికన్నా పైన పెట్టి ఉంది. శుక్రవారం గీతలో గుండ్రటి ఆస్పత్రి అక్షరాలు: బూడిద, బక్కెట్, మూత, సిమెంటు పలక, సంతకం. అన్ని గడులూ నిండి ఉన్నాయి. కాగితం అడుగున వేరే సిరాతో, వణికే అక్షరాలతో ఇంకో గీత.

లేట్ ఎంట్రీ. ఐస్‌క్రీమ్ డబ్బాలో పోశాను. గుర్తు లేదు.

కింద ఆవిడ సంతకం. చేయని పనికి ఆవిడ సంతకం పెట్టింది.

అక్కడున్న పిల్లల కుర్చీలో కూర్చుని చెప్పాను. గిన్నె దగ్గర మొదలుపెట్టి, గోరువెచ్చటి బూడిద, నిమ్మచెక్క, బల్ల దగ్గర ఆవిడ అడిగిన ప్రశ్న, నా జవాబు, అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక కిటికీ వైపు తిరిగి మాట్లాడింది.

"మామ్ డాక్టర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లింది, యూ నో. మెమొరీ టెస్ట్ చేయమని. రెండుసార్లూ నార్మల్ అన్నారు. మామ్ నమ్మలేదు. డాక్టర్‌కి తెలీదు, పిల్లలు అబద్ధం చెప్పరు కదా అంది."

పెన్ను అడిగాను. ఇచ్చింది. ఆవిడ గీత కొట్టేయలేదు. దాని కింద లేట్ ఎంట్రీ అని రాసి, ఆ రోజు తేదీ వేసి, శనివారం బక్కెట్ మూత తీసి బూడిద తీసింది నేనని, డబ్బాలో పోసి డెక్ మీద పెట్టింది నేనని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను. ఆమె కాగితం చదివి, బోర్డుని మళ్లీ తన సంచీలో పెట్టుకుంది.

"ఇది నా దగ్గర ఉంటుంది," అంది. తర్వాత హాలు తలుపు చూపించింది. "వాళ్లంతా ఇంకా ఉన్నారు. వెళ్లి చెప్పండి. మామ్ గురించి నవ్వారు కదా, వాళ్లకి."

హాల్లోకి వెళ్లాను. పెద్దాయన చుట్టూ ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఆయన చేతిలో కేకు ప్లేటు. మొదటిసారి ఎవరికీ వినపడలేదు, రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఆ డబ్బాలో బూడిద పోసింది ఆంటీ కాదండీ. నేను."

అందరూ నా వైపు తిరిగారు. ఎవరూ ఏమీ తిట్టలేదు. ఆ పెద్దాయన ప్లేటు బల్ల మీద పెట్టి, మఫ్లర్ సర్దుకుని, చాలా మెల్లిగా అడిగాడు.

"మరి ఆవిడతో చెప్పావా అమ్మా?"

"లేదండీ," అన్నాను.